కూర్చుంటే కొట్టు కూలిపోతుంది

తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక పెద్ద చీరల కొట్టులో మొన్న రెండు గంటలు కూర్చున్నాను. మా చెల్లెలు కూతురి పెళ్ళికి పట్టుచీర ఎంచుతోంది. నాకు మెత్తని కుర్చీ వేశారు, చల్లని మజ్జిగ ఇచ్చారు. కౌంటరుకు అవతల చీరలు విప్పి చూపుతున్న ఆవిడ మాత్రం ఆ రెండు గంటలూ నిలబడే ఉంది. కింద పడిన చీర తీయడానికి ఆవిడ వంగినప్పుడు చూశాను, చీలమండ పైన నీలంగా మెలికలు తిరిగి ఉబ్బిన తాళ్ళు.

“కాలికేమైందమ్మా?” అన్నాను.

“నరాలు సార్. పదిహేనేళ్ళ సర్వీసు కదా!” అని నవ్వింది.

చీరల కొట్టులో పదోన్నతులు ఉండవని అనుకునేవారు ఈ విషయం గమనించాలి. కాలి సిరలు ఉబ్బే ఈ జబ్బుకు, అంటే వేరికోస్ వెయిన్స్‌కు, డాక్టర్లు సున్నా నుంచి ఆరు వరకు మెట్లు పెట్టారు. ఒకటో మెట్టులో సాలెగూడులాంటి ఎర్రని, నీలి గీతలు. రెండులో మూడు మిల్లీమీటర్లు, అంతకు మించి ఉబ్బిన సిరలు. మూడులో వాపు. నాలుగులో చర్మం నల్లబడి గట్టిపడుతుంది. ఐదంటే మానిన పుండు, ఆరంటే మానని పుండు. అందరూ పై మెట్టుకు చేరరు. అయినా జీతం కదలని చోట కనీసం కాలికైనా ఎదిగే అవకాశం ఉండటం చిన్న విషయం కాదు.

లోపల జరిగేది తిరుపతివాళ్ళకు చెప్పడం తేలిక. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ తెలుసు కదా. ఒకసారి గేటు దాటాక ముందుకే తప్ప వెనక్కి దారి లేదు. కాలి సిరల్లోని కవాటాలదీ అదే పద్ధతి. పాదం నుంచి గుండె వైపు ఎక్కే రక్తాన్ని వెనక్కి జారనివ్వవు. ఆ రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది సిరను పిండుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే భక్తుడి పిక్క అడుగడుగునా పనిచేస్తుంది. కౌంటరు వెనుక మూడడుగుల చోటులో కదలకుండా నిలబడ్డ మనిషి పిక్కకు మాత్రం పని ఉండదు. రక్తం కిందనే నిలుస్తుంది, సిర సాగుతుంది, గేటు తలుపులు ఒకదానికొకటి అందవు. ఇక క్యూ వెనక్కి నడవడం మొదలవుతుంది.

ఇక్కడ యాజమాన్యం పక్షాన నాలుగు మాటలు చెప్పక తప్పదు. కూర్చున్న మనిషి చీర అమ్మలేదు. పూర్వం పట్టుచీరల కొట్లలో తెల్లని పరుపు పరిచి, అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు, పెళ్ళిళ్ళకు పెళ్ళిళ్ళు అక్కడే తెమిలేవి. అది అజ్ఞానకాలం. పైగా వంశం, వయసు, గర్భధారణ, బరువు కూడా ఈ జబ్బుకు కారణాలని డాక్టర్లే అంటారు. ఆవిడ తల్లికీ ఇవే ఉండేవట. చూశారా, తప్పు తల్లిది! ఆ తల్లి ముప్పై ఏళ్ళు పెళ్ళి వంటల్లో గాడిపొయ్యి ముందు నిలబడిందన్నది వేరే సంగతి. అద్దాల వెనుక చీర కట్టుకున్న బొమ్మలను చూడండి. ఒక్కదానికైనా నరం ఉబ్బిందా?

ఇక వైద్యం. సిరను కూడా మనం నరమనే అంటాం కనుక ఆవిడ మొదట నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన సుత్తితో మోకాలు తట్టి, అది చక్కగా ఎగిరినందుకు సంతోషించి, రక్తనాళాల సర్జన్ దగ్గరికి పంపారు. అక్కడ డాప్లర్ స్కానింగ్. రక్తం వెనక్కి జారుతోందో లేదో చూసేందుకు దాన్ని నిలబెట్టి చేస్తారు. ఆ పరీక్షలో ఆవిడకు సాటి ఎవరు?

తరువాత సర్జన్ గారు ఆవిడను కూర్చోబెట్టి, చీరల్లాగే ఒక్కొక్కటీ విప్పారట. సాలెగూడు గీతలకైతే సూదిమందు చాలు. పోలిడోకనాల్ వంటి మందు సన్న సిర గోడను రేపి మూయిస్తుంది, కొన్ని వారాల్లో గీత వెలిసిపోతుంది. ఆవిడలా పెద్ద సిర పాడైతే లేజర్ లేదా రేడియో తరంగాల వేడి. తొడ దాకా సన్నని గొట్టం పంపి లోపలి నుంచి సిరను మూసేస్తారు, సాధారణంగా అదే రోజు నడిచి ఇంటికి వెళ్ళవచ్చు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2013లో తెచ్చిన మార్గదర్శకాలు ఈ వేడి చికిత్సకే మొదటి స్థానం ఇచ్చాయి, అది కుదరకపోతే సిరలోకి నురుగుగా ఎక్కించే మందు, ఆ తరువాతే కోత. జిగురుతో అతికించే పద్ధతీ ఉంది. ఆ జిగురు, తెగిన చెప్పుకు మనం ఇంట్లో పూసే ఫెవిక్విక్, ఒకే వంశానివి. మూసేసిన సిర పని మిగతా సిరలు చూసుకుంటాయి. కొత్తవి ఉబ్బవన్న హామీ మాత్రం ఎవరూ రాసివ్వరు.

అన్నీ చూసి, ధరలు విని, “మళ్ళీ వస్తాను సార్” అని లేచిందట. ఆ మాట రోజుకు యాభైసార్లు వినే మనిషి.

చివరికి తెచ్చుకున్నది బిగుతు మేజోళ్ళు. పొద్దున మంచం దిగకముందే తొడగాలి. మే నెల తిరుపతి ఎండలో అదొక వ్రతం. అవి బరువూ వాపూ తగ్గిస్తాయి, పాడైన కవాటాన్ని బాగుచేయలేవు. కాలి ధమనుల్లో రక్తం సరిగా పారనివాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా వేసుకుంటే చేటు కూడా. మందుచీటీ చివర సర్జన్ గారు ఇంకో వాక్యం రాశారు: ఎక్కువసేపు కదలకుండా నిలబడరాదు. మేనేజరు గారు ఆ చీటీ చదివి, చేతిరాత అర్థం కాలేదన్నారట.

ఇరుగుపొరుగు రాష్ట్రాలవారు ఈ విషయంలో తొందరపడ్డారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కొట్లలో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం సవరించాయి. ఫ్యాక్టరీ కార్మికులకైతే 1948 నాటి చట్టంలోని 44వ సెక్షనులోనే ఆ మాట రాశారు. 1960లో మన చిత్తూరు జిల్లా నుంచి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయిందని పెద్దలు ఇప్పటికీ బాధపడతారు. తాలూకాతోపాటు ఒక స్టూలు కూడా పోయిందని వారికి తెలియదు.

బిల్లు కడుతూ ఉండబట్టలేక అడిగాను. “ఆవిడకు ఒక స్టూలు వేయించకూడదా?”

“ఎందుకు లేదు సార్?” అన్నారు మేనేజరు గారు నొచ్చుకుని, కౌంటరు కింద నుంచి ఎర్రని ప్లాస్టిక్ స్టూలు లాగి చూపించారు. పై అరలోని కంచి పట్టు అందడం లేదని మా చెల్లెలు అంటుండగానే ఆవిడ దాని మీదికి ఎక్కి నిలబడింది.