కట్ చేస్తే స్విట్జర్లాండ్ సరే, కృష్ణ ఒడ్డు ఎప్పుడు?

హీరోయిన్ ప్రేమ ఒప్పుకుందంటే చాలు, కట్ చేస్తే స్విట్జర్లాండ్. మంచుకొండలు, పచ్చికబయళ్లు, వెనకాల పాతికమంది డాన్సర్లు. పాట అయిపోతే మళ్లీ మన ఊరు. ఏళ్ల తరబడి ఇలాంటి పాటలు చూసిన ప్రేక్షకుణ్ని పట్టుకుని ఆ కొండ పేరేమిటని అడగండి, చెప్పలేడు. అక్కడికి ఏ రైలెక్కి వెళ్తారో, కింద లోయలో ఉన్నవాళ్లు ఏం చేసి బతుకుతారో, చలికాలంలో ఆ దారులు ఏమవుతాయో ఎవరూ చెప్పలేదు. అంత ఖర్చు పెట్టి మన సినిమా మనకు చూపించింది వాల్‌పోస్టర్.

ఇంట్లో కూర్చోబెట్టి ఊళ్లు తిప్పే సినిమాలంటూ ఓటీటీలు వచ్చాక బోలెడు జాబితాలు తిరుగుతున్నాయి. లొకేషన్లు బాగుంటే చాలు, సినిమా అందులో చేరిపోతుంది. ఈ లెక్క తప్పని నా వాదన. దారి చూపించిన సినిమాయే మనిషిని ప్రయాణం చేయిస్తుంది. ఎక్కడ బయల్దేరాం, ఎలా వెళ్లాం, మధ్యలో ఎవరు కలిశారు, ఏం తిన్నాం, ఎక్కడ ఇబ్బంది పడ్డాం అన్నది తెలిస్తేనే ఆ చోటు మనదవుతుంది. ఈ విషయంలో తెలుగు సినిమా మనకు బాకీ ఉంది. విజయవాడ, గుంటూరు వాళ్లకైతే ఆ బాకీ మరీ పెద్దది.

ఇది కాలక్షేపం వ్యవహారం అనుకునేవాళ్లు మే నెల మధ్యాహ్నం విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒక ఇంట్లో కూర్చుని చూడాలి. బెజవాడకు బ్లేజ్‌వాడ అనే పేరు ఊరికే రాలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దాయనకు, మంచాన పడ్డ అత్తగారిని వదిలి ఒక్క పూట కదలలేని కోడలికి, షాపు మూస్తే ఆ రోజు సంపాదన పోయే చిన్న వ్యాపారికి తెర మీద కనిపించేదే లోకం. పిల్లలు అమెరికాలో స్థిరపడితే వాళ్ల వీధిని, వంటింటిని వీడియో కాల్‌లో చూసి తృప్తి పడే తల్లిదండ్రులు మన రెండు ఊళ్లలో ఎంతమంది లేరు? ఫోన్ చుట్టూ తిప్పి చూపించరా అని వాళ్లు అడిగేది అందం కోసం కాదు. పాలు ఎక్కడ కొంటారు, బస్సు ఎక్కడ ఆగుతుంది, పక్కింట్లో ఎవరుంటారు అన్నది తెలుసుకోవాలని. మనిషికి దూరపు ఊరి మీద ఉండే ఆశ అసలు స్వరూపం అదే.

తెలుగువాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో రాసిన సంగతులన్నీ మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాస పిళ్లెకు పంపారు. పిళ్లెగారు 1838లో వాటిని అచ్చు వేయించారు. తీసి చదవండి. ఊరికీ ఊరికీ ఎంత దూరం, దారి ఇసుకా రాళ్లా, దిగడానికి వసతి ఉందా, ఏ సరుకులు దొరుకుతాయి, ఏరు ఎలా దాటాలి! ఇల్లు కదలకుండా చదివినవాణ్ని కాశీ దాకా తీసుకెళ్లింది ఈ వివరాలే. కెమెరా లేని కాలంలో ఒక మనిషి చేసిన పనిని, ఇన్ని హంగులున్న మన సినిమా ఎందుకు చేయలేకపోతోంది?

బెజవాడ గవర్నర్‌పేట నవరంగ్ థియేటర్లో ఇంగ్లిష్ సినిమాలు చూసి పెరిగిన తరానికి ‘రోమన్ హాలిడే’ గురించి చెప్పక్కర్లేదు. 1953లో వచ్చింది. హాలీవుడ్‌లో సెట్లు వేసి తీద్దామని స్టూడియో అంటే, దర్శకుడు విలియం వైలర్ పట్టుబట్టి రోమ్‌లోనే తీశారు. ఖర్చు కలిసిరావడానికి నలుపు తెలుపులో తీశారు. అందులో రంగు లేదు, డ్రోన్ షాట్ లేదు. ఒక రాకుమారి ఒక్కరోజు జనంలో కలిసి తిరుగుతుంది, జుట్టు కత్తిరించుకుంటుంది, మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంది, స్కూటర్ మీద వీధులు చుడుతుంది. అబద్ధమాడితే చెయ్యి కొరికేస్తుందని ఆ సినిమాలో చెప్పే రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టడానికి రోమ్‌లో జనం ఇవాళ్టికీ వరుసలో నిలబడతారు. రంగుల్లో తీసిన మన మంచుకొండలు చేయలేని పని ఇది.

మనవాళ్లకు చేతకాదని అనడం లేదు. 1973లో బాపు ‘అందాల రాముడు’ తీశారు, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ తీశారు. రెండూ లాంచీ మీద భద్రాచలం వెళ్లే కథలే. ‘గోదావరి’నే తీసుకుందాం. రాజమండ్రిలో లాంచీ కదిలినప్పటి నుంచి దాని సరంగు ఎవరో మనకు తెలుసు, ఎవరు ఎవరితో పడరో తెలుసు, బుడగలమ్మే కుర్రాడు తెలుసు, చివరికి కుక్క కూడా తెలుసు. పాపికొండలు వచ్చేసరికి ఆ నీళ్లు మనకు కొత్తగా ఉండవు. ఆ సినిమా తర్వాత పాపికొండల టూర్ మీద జనానికి కలిగిన మోజు మన బెజవాడ ట్రావెల్స్ వాళ్లను అడిగినా చెబుతారు. ఇంకో సంగతి కూడా ఉంది. పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా తాత్కాలికంగా కట్టిన కాఫర్ డ్యామ్ వచ్చాక దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు ముంపులో పడి ఖాళీ అయ్యాయి. 2006 నాటి గోదావరి ఒడ్డును చూడాలనుకునేవాడికి ఇప్పుడు ఆ సినిమా తప్ప దారి లేదు. ఇంట్లో కూర్చుని చూడటం అక్కడికి వెళ్లడం కన్నా తక్కువ అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

‘ఎవడే సుబ్రమణ్యం’ (2015) కూడా అంతే. దూద్ కాశీ దాకా ఎక్కడం ఎంత కష్టమో చూపించింది కాబట్టే ఆ హిమాలయాలు గుర్తుండిపోయాయి. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ‘నాటు నాటు’. ప్రపంచం మొత్తం చూసిన పాట, ఆస్కార్ తెచ్చిన పాట. 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. కథకు కావాల్సింది తెల్లదొరల బంగ్లా కాబట్టి అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ అది కీవ్ అని మనలో చాలామందికి తెలిసింది 2022లో యుద్ధం మొదలయ్యాకే. చూసినంత మాత్రాన ఒక ఊరికి వెళ్లొచ్చినట్టు కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సినిమా అంటే కల, పాటలో బస్సు టైమింగులు ఎవడికి కావాలి అని కొందరంటారు. సినిమాలో చూసి జనం ఎగబడి చోట్లను పాడుచేస్తారని మరికొందరి భయం. రెండో మాటలో నిజముంది. ‘ద బీచ్’ తీసిన థాయ్‌లాండ్ మాయా బే పర్యాటకుల తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతిని 2018లో మూతపడింది, మళ్లీ తెరిచింది 2022లో. ‘3 ఇడియట్స్’ తర్వాత లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గర ఏమైందో చూశాం. అయితే ఆ గుంపులు వచ్చింది ఒక్క ఫ్రేములో నిలబడి ఫొటో దిగడానికి. చోటుతో పాటు అక్కడి బతుకునూ, దాని కష్టాన్నీ తెలుసుకున్నవాడు అక్కడ ప్లాస్టిక్ సీసా పారేయడానికి వెనకాడతాడని నా నమ్మకం.

ఇక మన సంగతి. బెజవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల డబ్బుతో తెలుగు సినిమా దశాబ్దాలు నడిచింది. ఆంధ్ర దేశంలో తొలి సినిమా హాళ్లలో ఒకటైన మారుతి టాకీస్ 1921లో వెలిసింది ఇక్కడే. సినిమాను ఇంతగా పోషించిన ఊరు సినిమాలో ఎలా కనిపిస్తుంది? రౌడీలు, కులాల గొడవలు, వరసగా వచ్చే సుమోలు. రామ్‌గోపాల్ వర్మ ఇక్కడి సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రోజుల్లో చూసినవే ‘శివ’కు ముడిసరుకు. కానీ 1989లో తెర మీదికి వచ్చింది హైదరాబాద్. మన గొడవ వాడుకున్నారు, మన వీధి వదిలేశారు. 2003లో ‘ఒక్కడు’ కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతా గుర్తుపట్టేలా చేసింది. బెజవాడకు అలాంటి ఒక్క చోటు చెప్పండి. ఊరిని పై నుంచి చూపించిన దృశ్యాలు జనానికి గుర్తున్నది 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పటి వార్తల్లోనే. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోతున్న ఆ రోజుల్లో తప్ప మన నది ఎవరికీ కనపడదా?

గుంటూరు వాళ్ల బాధ ఇంకో రకం. అమరావతి స్తూపం మన ఉమ్మడి గుంటూరు జిల్లాది, పేరున్న శిల్పాలు చాలావరకు చూడాలంటే చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికో లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. తర్వాత కొన్ని పలకలు బందరు చేరి బజారులో అలంకారమయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు వెళ్లి, ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి ఓడెక్కి లండన్ చేరాయి. అమరావతి పక్కనున్న ధరణికోట దగ్గర నుంచి బందరు, మద్రాసు, అక్కడి నుంచి సముద్రం దాటి లండన్. ఇంతకు మించిన ప్రయాణం కథ ఏ రచయిత కల్పించగలడు? ఈ రాళ్ల వెంట ఒక మనిషిని నడిపిస్తూ సినిమా తీస్తే, గుంటూరులో ఇంట్లో కూర్చున్న అమ్మాయి తన పక్క ఊరినీ లండన్‌నూ ఒకే రాత్రిలో చూస్తుంది. లండన్‌లో పాటలు తీసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మన రాళ్లున్న ఆ గదిలోకి కథను ఎందుకు తీసుకెళ్లలేదన్న బాధ నన్ను వదలదు.

అది పెద్ద బడ్జెట్ అంటారా? అయితే కృష్ణను పట్టుకోండి. ముక్త్యాల దగ్గర లాంచీ ఎక్కితే వేదాద్రి, అమరావతి, పవిత్ర సంగమం, భవానీ ద్వీపం మీదుగా బ్యారేజీ. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా ఉన్న ఈ ముక్క కాగితాల మీద జాతీయ జలమార్గం కూడా. దక్షిణ ఒడ్డున నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన ఉండవల్లి గుహలు, లోపల ఒకే రాతిలో పవళించిన అనంతపద్మనాభుడు. బ్యారేజీ కింద నుంచి కరకట్ట మీద బైకు వేసుకుంటే తోట్లవల్లూరు, ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం, మోపిదేవి, అవనిగడ్డ, చివరికి నది సముద్రంలో కలిసే హంసలదీవి. ఒక కథకు కావాల్సినన్ని మలుపులు ఆ దారిలోనే ఉన్నాయి. గోదావరికి దొరికిన సినిమా కృష్ణకు ఇంతవరకు దొరకలేదు.

ఇక్కడ ఆలస్యానికి ధర ఉంది. రాజధాని కోసం 2015లో 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. ఒడ్డున ఉన్నవి జరీబు భూములు: అరటి, మల్లె, కూరగాయలు, పసుపు, ఏడాది పొడవునా పంట. పెనుమాక, మందడం, వెంకటపాలెం తోటల మధ్య దారులు, బోరు దగ్గర పూలు మూటగట్టుకునే ఆడవాళ్లు, తెల్లారేసరికి మార్కెట్‌కు బయల్దేరే ఆటోలు. రాజధాని రావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ బతుకు ఎలా ఉండేదో రేపు పుట్టే పిల్లలకు చూపించడానికి మన దగ్గర ఒక్క కథా చిత్రం లేదు. గోదావరి ముంపు ఊళ్లకు కనీసం రెండు సినిమాలు మిగిలాయి.

ఎవరు అధికారంలోకి వచ్చినా సినిమావాళ్లకు స్టూడియో స్థలాలిస్తామంటారు. సెట్లు వేసుకోవడానికి హైదరాబాద్‌లో కావాల్సినంత చోటుంది. ఇక్కడ కావాల్సింది వేరు. ఉండవల్లి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో షూటింగ్‌కు, నది మీద లాంచీకి, కరకట్ట మీద ట్రాఫిక్‌కు అనుమతులు ఒకే చోట, వారం రోజుల్లో వచ్చే ఏర్పాటు చేయండి. కృష్ణా తీరంలో కథ మొత్తం తీసే చిన్న సినిమాకు అద్దెలు మాఫీ చేయండి. గాంధీనగర్‌లో ఇప్పటికీ సినిమాల మీద డబ్బు పెట్టేవాళ్లున్నారు. వాళ్లు కథ వినేటప్పుడు హీరో ఎవరని అడిగాక రెండో ప్రశ్నగా, ఈ కథ ఏ ఊళ్లో జరుగుతుంది, అక్కడే తీస్తారా అని అడగాలి. తోటలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, లాంచీ నడపడం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వచ్చే కార్తీకం నాటికి మొదలుపెట్టినా ఆలస్యం కాదు.