పెద్దాయనకు నిజం చెప్పకండి

కొత్తగా 4కె మానిటర్ కొన్నవాళ్ళు మొదటిరోజు ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. తర్వాత మానిటర్ తుడుస్తారు. ఆపైన కేబుల్ ఊడదీసి మళ్ళీ గుచ్చుతారు. ఇంత చేసినా ఎప్పటిదో ఒక పాత ప్రోగ్రాం మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టే ఉంటుంది. పక్కనే బ్రౌజర్‌లో అక్షరాలు సూదిమొనల్లా మెరుస్తుంటాయి కాబట్టి కళ్ళదీ తప్పు కాదు, తెరదీ కాదు. దీన్ని సాఫ్ట్‌వేర్ లోపమని తిట్టిపోసేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకు దయాదాక్షిణ్యాలు తక్కువని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ మసక లోపం కాదు, పెద్దల పట్ల పాటిస్తున్న మర్యాద.

సంగతేమిటంటే, పాతకాలపు విండోస్ ప్రోగ్రాములు ఒకే ఒక్క నమ్మకం మీద బతికాయి. తెర మీద అంగుళానికి 96 చుక్కలు (పిక్సెళ్ళు), అంతే. బటన్ ఎంత పొడవుండాలి, అక్షరం ఎంత ఎత్తుండాలి అన్నవన్నీ చుక్కల్లోనే లెక్కగట్టి పెట్టుకున్నాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆ నమ్మకం దాదాపు నిజమే, అక్కడ అంగుళానికి 92 చుక్కలు వస్తాయి. 27 అంగుళాల 4కె తెర మీద మాత్రం 163 వస్తాయి. అక్కడ 20 లక్షల పైచిలుకు చుక్కలుంటే ఇక్కడ దాదాపు 83 లక్షలు. పాత లెక్కతోనే గీస్తే బటన్ చీమ తలకాయంత అవుతుంది.

అప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి? పెద్దాయనను, అంటే ఆ పాత ప్రోగ్రాంను, కూర్చోబెట్టి "లోకం మారిందండీ" అని చెప్పాలా? ఆయన గుండె తట్టుకోవద్దూ? అందుకే 2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా ఓ సున్నితమైన ఏర్పాటు చేసింది. కొత్త లెక్కలు తనకు తెలుసని ముందే ప్రకటించుకోని ప్రోగ్రాం ఏదైనా సరే, తెర సంగతి అడిగితే "ఏం మారలేదండీ, ఇంకా 96 చుక్కలే" అని చెబుతుంది. ఆయన సంతోషంగా తన పాత కొలతల్లో బొమ్మ గీసి ఇస్తాడు. విండోస్ దాన్ని చాటుగా తీసుకెళ్ళి, దుప్పటి లాగినట్టు నాలుగు వైపులా లాగి, తెర మీద పరుస్తుంది. తెర మీద అన్నిటినీ పెద్దవి చేసే స్కేలింగ్ 150 శాతం పెడితే ఒక చుక్క గీత ఒకటిన్నర చుక్క కావాలి. సగం చుక్క అనేది ఎక్కడా దొరకదు కాబట్టి ఆ మిగతా సగాన్ని బూడిదరంగుతో సర్దేస్తారు. 200 శాతం పెడితే లెక్క చక్కగా కుదురుతుంది కదా, ఒక్కో చుక్కకు నాలుగు చుక్కలు పరిస్తే గళ్ళుగళ్ళుగా ఉన్నా స్పష్టంగా ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ కూడా రంగులు కలిపి నునుపు చేస్తారు. మర్యాదకు మినహాయింపులుండవు.

ఈ అబద్ధం ఖరీదు మన కళ్ళు కడుతున్నాయన్నది నిజమే. ఇంటి పరువు కోసం ఆమాత్రం భరించలేమా?

ఆ ప్రకటన ఏమంత కష్టమని కొందరు వాదిస్తారు. ప్రోగ్రాంతో పాటు ఉండే మానిఫెస్ట్ అనే వివరాల చీటీలో రెండు మూడు వరుసలు రాస్తే చాలు. ప్రోగ్రాములు చేసేవాళ్ళు కొందరు రాశారు కూడా. రాసి, పని మాత్రం మానేశారు. నాకన్నీ తెలుసని బోర్డు పెట్టుకున్నాడు కదా అని విండోస్ పక్కకు తప్పుకుంటుంది. లోపల ఐకాన్లు ఆవగింజల్లా, అక్షరాలు పెట్టెల్లోంచి పొర్లుతూ కనిపిస్తాయి. అది చూశాక, ఏమీ తెలియదని ఒప్పుకున్న పెద్దాయన మీద నా గౌరవం రెట్టింపయింది.

రెండు మానిటర్లున్న ఇళ్ళలో ఈ నాటకం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు తెర లెక్క ఒకే ఒక్కసారి అడిగి, జీవితాంతం అదే గుర్తుపెట్టుకుంటాయి. కిటికీని ఈ తెర మీంచి ఆ తెర మీదకి లాగితే అక్కడ మసకబారుతుంది. ఏ తెరకు ఆ లెక్క చూసుకునే సౌకర్యం 2013లో విండోస్ 8.1తో వచ్చింది. వచ్చిందని అందరికీ కబురందినట్టు లేదు. 2018లో విండోస్ 10 ఏకంగా మూలన ఓ సందేశం చూపడం మొదలుపెట్టింది, మసకగా ఉన్న యాప్‌లను సరిచేయమంటారా అని. ఆ సందేశం మాత్రం అద్దంలా ఉంది.

పక్కవాళ్ళ ఇళ్ళు మనకన్నా మెరుగని అనుకోకండి. యాపిల్ 2012లో 2880×1800 తెర తెచ్చి, సరిగ్గా రెండింతలంటూ లెక్క తేలిక చేసుకుంది. అయినా సిద్ధంకాని ప్రోగ్రాముల్లో అక్షరాలు అక్కడా మసకబారాయి. లైనక్స్‌లో తెర మీద కిటికీలు చూపే పాత ఏర్పాటు ఎక్స్ స్థానంలో వేలాండ్ వచ్చింది. పాత ఎక్స్ ప్రోగ్రాములను అక్కడా ఇలాగే సాగదీస్తుంటారు. ఇదంతా హఠాత్తుగా మీదపడిన ఉపద్రవం అనుకునేవాళ్ళ కోసం ఒక మాట: 22.2 అంగుళాల్లో 3840×2400 చుక్కల మానిటర్‌ను ఐబీఎం 2001లోనే అమ్మకానికి పెట్టింది. పెద్దాయనకు కబురు చేరవేయడానికి దొరికిన వ్యవధి అది.

నేను రోజూ వాడే లెక్కల ప్రోగ్రాం ఒకటుంది. పేరెందుకు లెండి. అందులో 3కీ 8కీ తేడా కనిపెట్టడం కొంత అనుభవం మీద వచ్చే విద్య. ముందు సొంత వైద్యం చేశాను. ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, కంపాటిబిలిటీలో హై డీపీఐ (అంగుళానికి ఎక్కువ చుక్కలు) సెట్టింగ్ మార్చి, స్కేలింగ్ బాధ్యత అప్లికేషన్‌కే అప్పగించాను. మసక పోయింది. ప్రోగ్రాం కూడా దాదాపుగా పోయింది, భూతద్దం పెడితే ఉందని తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే కాబోలు. సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ అని ఇంకోటుంటే అదీ నొక్కాను. అక్షరాలు తేరుకున్నాయి, బొమ్మలు అలాగే ఉన్నాయి.

చివరికి తెర మొత్తం స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళ సపోర్ట్‌కు పంపాను. గంటలో ఫోన్ వచ్చింది.

"సార్, మీరు పంపింది చూశాం. క్లియర్‌గానే ఉంది కదండీ!"

ఆ అబ్బాయి అబద్ధమాడలేదు. అతని ముందున్నది మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్. నా స్క్రీన్‌షాట్ అందులో పట్టడానికి సగానికి కుదించుకుంది. సాగిపోయిన అక్షరాలన్నీ దగ్గరకు చేరి, గట్టిపడి, నిగనిగలాడుతూ కనిపించాయి. సాక్ష్యం ప్రయాణంలోనే నిర్దోషిగా మారిపోయింది. అక్కడికీ జూమ్ చేసి చూడమన్నాను. "జూమ్ చేస్తే ఏదైనా మసకే కదా సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సమస్య పరిష్కారమైందని మెయిల్ వచ్చింది.

పోయిన నెల వాళ్ళ కొత్త వెర్షన్ వచ్చింది. కొత్త సదుపాయాల్లో మొదటిదే హై డీపీఐ సపోర్ట్. తెరిచాను. మెనూలు, అంకెలు, గళ్ళు, అన్నీ చెక్కినట్టున్నాయి. 3 మూడులాగే, 8 ఎనిమిదిలాగే ఉంది. నాకు కొంచెం వెలితిగా కూడా అనిపించింది. ఆ నెల లెక్క పూర్తిచేసి రిపోర్ట్ ప్రింట్ నొక్కాను. ప్రింట్ పని చూసేది వేరే ప్రోగ్రాం అట. చిన్న పెట్టె తెరుచుకుంది. లోపల బూడిదరంగు బటన్లు రెండు, పొగమంచులో నిలబడ్డట్టు.

పెద్దాయన వెనక గదిలో ఉన్నాడన్నమాట. చప్పుడు చేయకుండా, ఓకే అయ్యుంటుందనుకున్న బటన్ నొక్కాను.