వేగం మాది, స్టాప్‌వాచ్ మీది కాదు

సాఫ్ట్‌వేర్ కంపెనీలంటే జనానికి బొత్తిగా జాలి లేకుండా పోయింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిందో లేదో, ప్రతివాడూ స్టాప్‌వాచ్ పట్టుకుని బయల్దేరతాడు. 'పాతదానికంటే ఎంతో వేగం' అని కంపెనీయే నోరారా చెప్పాక మళ్లీ కొలవడమేమిటి? కొట్లో కొన్న కందిపప్పుని ఇంట్లో మళ్లీ తూచి, తక్కువొచ్చిందని వీధంతా చాటే మనిషిని ఏమంటాం? (తెలివైనవాడంటాం. అది వేరే సంగతి.)

ఈ దురలవాటుకి మందు 1980ల్లోనే కనిపెట్టారు. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ డీవిట్, సహచరులతో కలిసి డేటాబేస్‌లకి (సమాచారాన్ని దాచి, వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లకి) పరుగు పందెం పెట్టి, 1983లో ఫలితాలు అచ్చేశాడు. అందులో ఒరాకిల్ కంపెనీ డేటాబేస్ వెనకబడింది. మనబోటివాళ్లమైతే వేగం పెంచే పనిలో పడేవాళ్లం. ఒరాకిల్ లైసెన్స్‌లో ఒక షరతు పెంచింది: మా అనుమతి లేనిదే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) ఫలితాలు బయటపెట్టకూడదు. తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. ఆ షరతుని ఇప్పటికీ 'డీవిట్ క్లాజ్' అనే పిలుస్తారు. పండితుల పేర్లు వీధులకి పెట్టడం చూశాం గానీ, నిషేధానికి పెట్టిన ఘనత మాత్రం ఈ రంగానిదే.

అలాగని కంపెనీలు కొలతలకి విరోధులనుకుంటే పొరపాటు. మైక్రోసాఫ్ట్ డబ్బిచ్చి మరీ కొలిపించింది. 1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ, నాలుగు ప్రాసెసర్ల సర్వర్ మీద పరీక్షించి, ఎవరైనా కోడ్ మార్చుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ కంటే మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టీ ఫైల్ సర్వర్‌గా 2.5 రెట్లు, వెబ్ సర్వర్‌గా 3.7 రెట్లు వేగమని తేల్చింది. ఖర్చు పెట్టిన పెద్దమనిషే గెలవడం యాదృచ్ఛికం. ఆ రోజుల్లోనే, అదే కంపెనీ అమ్మే ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ లైసెన్స్‌లో, రాతపూర్వక అనుమతి లేకుండా బెంచ్‌మార్క్ ఫలితాలు ఎవరికీ చెప్పరాదని ఉంది. ఇందులో వైరుధ్యం కనబడేవాళ్లకి వ్యాపారం తెలియదు.

లైనక్స్ వాళ్లు ఊరుకున్నారా? మా సిస్టమ్‌ని సరిగ్గా ట్యూన్ చేయలేదని గోల చేసి, మరోసారి తమవాళ్లని కూడా కూర్చోబెట్టి పరీక్ష పెట్టించుకున్నారు. ఎన్‌టీయే మళ్లీ గెలిచింది! అప్పటి లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) నెట్‌వర్క్ పని అన్ని ప్రాసెసర్లకీ సరిగ్గా పంపకం కావడం లేదని తేలింది. పరువున్నవాళ్లైతే అప్పటికైనా వకీలుని పిలిచి లైసెన్స్ తిరగరాయించేవాళ్లు. వీళ్లు వెళ్లి కోడ్ తిరగరాసుకున్నారు. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో ఆ లోపం చాలావరకు సర్దుకుంది. ఓటమిని దాచుకోవడం రానివాళ్లతో ఇదే చిక్కు, బాగుపడిపోతారు.

ప్రాసెసర్లు తయారుచేసే ఇంటెల్ మీదైతే నేను చాలా ఆశలు పెట్టుకున్నాను. 2018 ఆగస్టులో ప్రాసెసర్ల భద్రతా లోపాలకి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలే పనిచేసే కోడ్) విడుదల చేసింది. ఆ మందు వేస్తే మెషిన్ నెమ్మదిస్తుందేమోనని అందరికీ టెన్షన్. ఎంత నెమ్మదిస్తుందో కొలిచి ప్రకటించకూడదని లైసెన్స్‌లో ముందుజాగ్రత్తగా రాసింది. ఎంత నొప్పిగా ఉందో రోగి బయట చెప్పకపోతే నొప్పి లేనట్టే కదా! కానీ లైనక్స్ లోకంలో పేరున్న ప్రోగ్రామర్ బ్రూస్ పెరెన్స్ ఆ షరతుని బయటపెట్టాడు, లైనక్స్‌ని పంపిణీ చేసే డెబియన్ వాళ్లు ఆ ప్యాకేజీని ఆపేశారు, కొద్ది రోజుల్లోనే ఇంటెల్ వెనక్కి తగ్గింది. కొత్త లైసెన్స్‌ని మరీ చిన్నదిగా రాసింది. అంత చిన్నదైతే కస్టమర్లు నిజంగానే చదివేయరూ?