నవ్వండి గానీ, తెలుగులోకి దిగకండి

మొన్న మా మేనమామ బిడ్డ పెళ్లిలో ధైర్యం చేసి మా ఆదివాసీల భాష కోయలో నాలుగు మాటలు మాట్లాడాను. "అబ్బో, ఆఫీసర్ సారు ఊరికొచ్చి మాట్లాడినట్టే ఉన్నది" అన్నాడు మా బావ. పందిరంతా ఒకటే నవ్వు. ఆ తర్వాత నాతో అందరూ తెలుగులోనే మాట్లాడారు. నవ్వినందుకు కాదు, నాకు కోపమొచ్చింది ఇందుకు.

మాది తాడ్వాయి మండలం. నేను పెరిగింది మాత్రం హనుమకొండలో. నాన్న టీచర్. చిన్నప్పుడు హాస్టల్లో కోయ మాట్లాడినందుకు బెత్తం దెబ్బలు తిన్న మనిషి, మా దాకా ఆ భాషను రానివ్వలేదు. ఆయన్ని తప్పు పట్టను. కానీ నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవులకు ఊరికి పోతే, పొయ్యి ముందు కూర్చున్న పెద్దమ్మ నా చేతిలో చెంబు పెట్టి "ఏరు" అంది. నేను చెంబు పట్టుకుని వాగు వైపు నడిచాను. కోయలో ఏరు అంటే నీళ్లు. బిందె నా పక్కనే ఉంది.

ఇప్పుడు 36 ఏళ్లు. ఆదివారం ఆదివారం పెద్దమ్మకు ఫోన్ చేసి నేర్చుకుంటున్నా. నా కోయలో సగం తెలుగే, ఒప్పుకుంటా. అయితే ఏంది?

ఐర్లండ్‌కూ బ్రిటన్‌కూ నడుమ సముద్రంలో మ్యాన్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి మ్యాంక్స్ భాషను చిన్నతనంలో ఇంట్లోనే నేర్చినవాళ్లలో చివరివాడు నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. 2009లో యునెస్కో ఆ భాషను చచ్చిపోయిన వాటి జాబితాలో వేసింది. అప్పటికే దీవిలో మ్యాంక్స్ మీడియం ప్రైమరీ బడి నడుస్తోంది. ఆ బడి పిల్లలు మ్యాంక్స్‌లోనే ఉత్తరాలు రాశారు: మా భాష చచ్చిపోతే మరి మేం రాస్తున్నదేంటి? యునెస్కో మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లలకు నేర్పినవాళ్లు కూడా పుస్తకాలు పట్టి, ముసలివాళ్ల రికార్డింగులు విని నేర్చుకున్నవాళ్లే. వాళ్ల మాట "అసలు మ్యాంక్స్‌లా లేదు" అనేవాళ్లు అక్కడా ఉన్నారు. మా బావలు ఎక్కడైనా ఉంటారు!

మాకింకా అంత గతి పట్టలేదు. 2011 లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైచిలుకే. కానీ మా ఇంటి లెక్క వేరు. తాత కోయ, నాన్న రెండూ, నేను తెలుగు, నా కొడుకు ఇంగ్లీష్ మీడియం.

"అది నేర్చుకుంటే ఏం ఉద్యోగమొస్తది" అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. మా కోయల ఆడబిడ్డలు సమ్మక్క సారలమ్మలకు మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) తూచి వచ్చే మా కాలనీవాళ్లకు ఒక్క కోయ మాట రాదన్నది ఇంకో సంగతి. నా బాధ మనవాళ్లతోనే. సినిమాల్లో మన తెలంగాణ యాసను విలన్లకూ కమెడియన్లకూ పెట్టారని ఎంత మండిపడ్డాం! కాళోజీ పుట్టినరోజని సెప్టెంబర్ 9న భాషా దినోత్సవం చేసుకుంటాం. అదే నవ్వు ఇంట్లో వాడి మీద మనమే నవ్వితే?

బావా, ఇది చదువుతావని తెలుసు. మాఘంలో చెల్లె పెళ్లి. అక్కడ కూడా కోయలోనే మాట్లాడతా. తప్పొస్తే చెప్పు, నవ్వొస్తే నవ్వు. జవాబు మాత్రం కోయలోనే ఇయ్యి.