స్టుట్‌గార్ట్‌లో తాంబూలం

మా బావమరిది స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. మేము జర్మనీ బయలుదేరే ముందు వాట్సాప్‌లో జాగ్రత్తలు పంపాడు. చివరిదాకా చదవాలంటే వేలు నొప్పి పుట్టేదాకా తెర జరపాలి. కాగితాలు ఏ రంగు డబ్బాలో, కూరగాయల తొక్కలు ఏ రంగు డబ్బాలో వేయాలి, రాత్రి పది దాటాక మిక్సీ వేయకూడదు, ఆదివారం గోడకు మేకు కొట్టకూడదు (చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఆదివారం పూట గోడలకు మేకులు కొడతారా?), నీళ్ళ సీసాలు పారేయకూడదు, దుకాణంలో తిరిగి ఇస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వస్తాయి. అన్నీ రాశాడు. తలుపుకు వేలాడే చెక్కపలక గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అత్తవారి తరఫు వాళ్ళు జరిగినదంతా విని నెపం నా మీదికి నెడుతున్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాం. హైడెల్‌బర్గ్‌లో నా కాలేజీ మిత్రుడి ఇంట్లో ఆగాం. అప్పట్లో నా దగ్గర తీసుకున్న డబ్బు సంగతి వాడు ఎత్తలేదు, వాడి భోజనం తింటూ నేనూ ఎత్తలేదు. అక్కడి కోటలో 1751లో చేసిన పెద్ద పీపా ఉంది. 2 లక్షల లీటర్లకు పైగా వైన్ పడుతుందట. మా అమ్మ దాన్ని కింది నుంచి పైదాకా చూసి, "దీని లోపల ఎవరు కడుగుతారురా?" అని అడిగింది. మిత్రుడి దగ్గర జవాబు లేదు. తరువాత రైలెక్కి స్టుట్‌గార్ట్ చేరాం. ఆ రైలు ప్రయాణం జోలికి పోను, పోతే ఇది ఇవాళ తెమలదు.

స్టుట్‌గార్ట్ చుట్టూ కొండలు, నడుమ లోయలో ఊరు. కొండవాలు మీద ఊళ్ళోనే ద్రాక్షతోటలు. కింది వీధికీ పై వీధికీ మధ్య మెట్లదారులు, 400కు పైగా ఉన్నాయట. మా బావమరిది వెతికి వెతికి అలాంటి ఒక మెట్లదారి పైకొసన ఇల్లు తీసుకున్నాడు. ఆ భవనంలో మళ్ళీ రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఆవకాయ ఉన్న పెట్టె నేనే మోశాను. పైకి చేరాక ఎదురెదురుగా రెండు తలుపులు. ఎదురింటి తలుపు పిడికి ఒక చెక్కపలక వేలాడుతోంది. దాని మీద చీపురు బొమ్మ, కింద మెలికలు తిరిగిన పాతకాలపు అక్షరాలు. ఆ రాత్రి అది ఎదురింటి తలుపుకే ఉంది. నేను కళ్ళారా చూశాను. మా అమ్మ కూడా చూసింది.

మర్నాడు శనివారం. ఆదివారం దుకాణాలు తెరవరు కాబట్టి శనివారం ఊరంతా సరుకుల కోసం పడుతుంది. మా వాళ్ళంతా వెళ్ళారు. ఇంట్లో అమ్మ, నేను మిగిలాం. మంచి అతిథిని అనిపించుకుందామని పాత కాగితాలు పట్టుకుని కిందికి వెళ్ళి, కాగితాల డబ్బాలో వేసి పైకి వచ్చేసరికి ఆ పలక మా తలుపుకు వేలాడుతోంది.

ఎవరో పిల్లల ఆకతాయితనం అనుకున్నాను. పరాయి వస్తువు మన గుమ్మంలో ఉండకూడదు. తీసి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, ఎదురింటి పిడికి వంకర లేకుండా తగిలించి లోపలికి వచ్చాను. కాఫీ తాగి మళ్ళీ తలుపు తీస్తే పలక మా పిడికే ఉంది. మళ్ళీ తీసుకెళ్ళి పెట్టాను. అది మళ్ళీ వచ్చింది.

ఇక దొంగను పట్టుకోవలసిందే అని తలుపుకున్న చిన్న అద్దపు కన్నుకు నా కన్ను ఆనించి నిలబడ్డాను. ఎదురింటి తలుపుకూ అలాంటి కన్నే ఉంది. మొదట అందులో సన్నగా వెలుతురు కనిపించింది. కాసేపటికి నల్లబడింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ నల్లబడింది. అంటే అవతల కూడా ఎవరో కన్ను ఆనించారన్నమాట. జర్మనీలో ఒక శనివారం ఉదయం, మ్యూజియాలు, కోటలు, కార్ల కర్మాగారాలు అన్నీ వదిలేసి నేను చూస్తున్న వింత ఇది: తలుపులోంచి నన్నే చూస్తున్న ఒక కన్ను. అక్కడి మెట్ల దగ్గర దీపాలు కాసేపటికి వాటంతట అవే ఆరిపోతాయి. ఆరింది. చీకట్లో తలుపు కిర్రుమంది, చెప్పుల చప్పుడు వినిపించింది. నేను ధడాలున తలుపు తీసి, గోడ తడిమి స్విచ్చి నొక్కాను.

నా ముక్కుకు బెత్తెడు దూరంలో చెక్కపలక. దాని వెనక ఒక పెద్దావిడ. తెల్లటి జుట్టు చక్కగా దువ్వుకుని, ఊలు కోటు, చెవులకు ముత్యాలు. దొంగ ఇంత హుందాగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఆవిడ ఏదో అంది. నాకు వచ్చిన జర్మన్ నమస్కారం, కృతజ్ఞత, టాయిలెట్ ఎక్కడ అనే ప్రశ్న. మొదటి రెండూ చెప్పేశాను. ఆవిడ పలకను నా చేతికి అందించింది. "అయ్యో, మీదండీ, ఉంచుకోండి" అని రెండు చేతులా వెనక్కి జరిపాను. ఆవిడ ముందుకు తోసింది. నేను వినయంగా వెనక్కి తోశాను. పెళ్ళిళ్ళలో బట్టలు పెట్టేటప్పుడు "ఇవన్నీ ఎందుకండీ" అని మనం తోసేయడం, వాళ్ళు మళ్ళీ తెచ్చి ఒళ్ళో పెట్టడం ఉంది చూశారూ, దానిలో నాకు మంచి అనుభవం ఉంది. ఎదుటివాళ్ళకు చిరాకు వచ్చే క్షణానికి సరిగ్గా ముందు తీసుకోవాలి. ఆ క్షణం జర్మనీలో ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. ఆవిడ మెడ మాత్రం ఎర్రబడుతోంది. ఇంతలో దీపం మళ్ళీ ఆరింది. చీకట్లో పలక నా పొట్టకు గుచ్చుకుంది.

"ఎవరురా?" అంటూ మా అమ్మ వచ్చింది.

"ఎదురింటావిడ. ఏదో ఇస్తోంది, వద్దంటున్నాను."

"పెద్దావిడ ప్రేమగా ఇస్తుంటే వద్దంటావా? బుద్ధుండక్కర్లేదూ?" అని మా అమ్మ పలక అందుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడను అక్కడే ఉండమని చేత్తో సైగ చేసి లోపలికి వెళ్ళింది. మా అమ్మ సంచిలో ఏ దేశంలోనైనా కుంకుమ భరిణె, వక్కపొడి పొట్లం, నాలుగు జాకెట్ ముక్కలు ఉంటాయి. ఎవరింటికి వెళ్ళినా ఎవరో ఒకరికి పెట్టాలి కదా. స్టీలు పళ్ళెంలో అరటిపళ్ళు, వక్కపొడి, చిలకపచ్చ రంగు జాకెట్ ముక్క పెట్టుకుని వచ్చింది. తమలపాకులు దొరకనందుకు ఆవిడకు తెలుగులో క్షమాపణ చెప్పింది. తరువాత బొట్టు పెట్టింది. దీపం ఆరిపోకుండా స్విచ్చి నొక్కుతూ ఉండటం నా ఉద్యోగం.

ఆవిడ పళ్ళెం వంక చూసింది, పలక వంక చూసింది, మెట్ల వైపు వేలు చూపించి చేతిని అటూ ఇటూ ఊపింది.

"పాపం, మోకాళ్ళ నొప్పులట. మెట్లు ఎక్కలేకపోతోందట" అని మా అమ్మ నాకు వివరించింది. వెంటనే తన కుడి మోకాలి చరిత్ర, వాడిన నూనెలు, ఆపరేషన్ వద్దని చెప్పిన డాక్టరు, చేయించుకోమన్న డాక్టరు, అన్నీ ఆవిడకు చెప్పింది. ఆవిడ నోరు మెదపకుండా విని, పళ్ళెంతో సహా లోపలికి వెళ్ళిపోయింది.

"ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని వాళ్ళకూ తెలుసు కాబోలు. రేపు ఏదో పెట్టి పంపుతుంది" అంది అమ్మ. పలకను వంటింట్లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన తగిలించింది.

మధ్యాహ్నం మా బావమరిది వచ్చి, క్యాలెండర్ పక్క చూసి, బియ్యం సంచి కాలి మీద పడేసుకున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు, వరండా ఊడ్చి తుడిచే వంతు వాళ్ళది. పని ముగిస్తే పలక పక్కింటికి వెళుతుంది. దీన్ని కేర్‌వోఖె అంటారు. ఆ ప్రాంతంలో ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. ఎవరి చెత్త వాళ్ళు వారం వారం ఎత్తిపోయాలని స్టుట్‌గార్ట్‌లో 1492లోనే చట్టం రాశారట. కొలంబస్ మన దేశానికని బయలుదేరి దారి తప్పిన ఏడాదే. ఇప్పుడు అద్దె ఒప్పందంలో రాసుకుంటారు. మెట్ల వంతు చిన్నది. భవనం ముందు కాలిబాట, నేలమాళిగ వగైరాలకు వేరే పెద్ద వంతు ఉంది.

"పలక తిప్పి పంపడమంటే మా వంతు మేము చేయం అని మొహం మీద చెప్పడం బావగారూ! ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదు నేను" అన్నాడు. గొంతు వణికింది.

ఈ మాట అన్నది ఎవరు? విజయవాడలో తాగిన కాఫీ గ్లాసు తాగిన చోటే వదిలేసి లేచిపోయే మనిషి. వాళ్ళమ్మ ఇల్లు ఊడుస్తుంటే కాళ్ళు పైకెత్తడమే సహాయం అనుకున్న మనిషి. ఆ మనిషే ఒక బక్కెట్టు, ఒక మాపుకర్ర తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చేస్తేనే ఆవిడ మనసు కుదుటపడుతుందట, రేపు ఆదివారం చప్పుడు చేయకూడదు కాబట్టి ఇవాళే చేయాలట. మా పెళ్ళిలో నా కాళ్ళు కడుగుతుంటే చెంబు అందించినవాడు వీడే. అల్లుడినన్న మర్యాద ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే అయిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఊడ్చాను. కింది నుంచి మొదలుపెట్టానని మా అమ్మ, పైనుంచి మొదలుపెట్టాలని నా భార్య, చీపురు అలా పట్టుకోకూడదని బావమరిది, ముగ్గురూ పై మెట్టు మీద నిలబడి చెప్పారు. చెప్పిన ముగ్గురిలో ఒక్కరూ దిగి రాలేదు. మా అబ్బాయి వీడియో తీశాడు. అది ఈపాటికి మా వాళ్ళందరి ఫోన్లలో ఉంది.

తడిగుడ్డ పెట్టడం అయ్యాక ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి కటకటాల మీద చూపుడువేలు గీసి, వేలి కొస చూసుకుంది. నొసటి మీద బొట్టు ఇంకా ఉంది. వేలికి ఏం అంటిందో ఏమో, లోపలికి వెళ్ళి ఒక గుడ్డ తెచ్చి, నాకు ఎలా తుడవాలో చూపించడానికి తానే కటకటాలు తుడవడం మొదలుపెట్టింది. ఊచ ఊచకూ చుట్టూ తిప్పి, కింద మూల దాకా. గుడ్డ చిలకపచ్చ రంగు. అంచు ఎరుపు.

నేను మా అమ్మ మొహం వంక చూడలేకపోయాను. అమ్మ మాత్రం నిబ్బరంగా నా చెవి దగ్గరికి వంగింది.

"పోనీలేరా. ఎవరూ కుట్టించుకోలేదు, ఎన్ని ఇళ్ళు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చిందో. కిందటి సంక్రాంతికి మీ అత్తగారు పెట్టింది అది."

గుసగుస అనే అనుకుంది పాపం. మెట్ల దగ్గర మాట ఎంత మోగుతుందో మా బావమరిది పంపిన జాగ్రత్తల్లో ఉంది.

"మా అమ్మ పెట్టిందా?" అంది నా భార్య వెనక నుంచి. "మా అమ్మా?" అన్నాడు బావమరిది.

దీపం ఆరిపోయింది. స్విచ్చి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను నొక్కలేదు.