సవరణ: ‘రోబాట్ మాన్‌స్టర్’ తీసింది ఎడ్ వుడ్ కాదు

మొన్న లో-బడ్జెట్ రాక్షసుల సినిమాల మీద రాసిన పోస్టులో ‘రోబాట్ మాన్‌స్టర్’ (1953) హాలీవుడ్ డైరెక్టర్ ఎడ్ వుడ్ సినిమా అని రాసేశాను. తప్పు నాదే, తీసింది ఫిల్ టక్కర్. చెత్త సినిమా అనగానే వుడ్ పేరే నోటికొచ్చేస్తుంది, ఏం చేస్తాం!

ఇంకోటి. అందులో రాక్షసుడంటే గొరిల్లా సూట్ మీద గుండ్రటి హెల్మెట్, అంతే. ఆ సూట్ అద్దెకు తెచ్చారన్నాను, అదీ కాదు, లోపలున్న జార్జ్ బారోస్ సొంత సూటే అది, గొరిల్లా వేషాలకు అతన్ని పిలుస్తుండేవాళ్లు. గుహ దగ్గర సబ్బు బుడగలు ఊదే మిషన్ ఒకటి ఉంటుంది చూడండి, దానికి టైటిల్స్‌లో పేరు కూడా వేశారు, నాకు మాత్రం సినిమా మొత్తంలో అదే ముద్దొచ్చింది.

‘ఒక్కటీ బాగోలేదు’ అన్న మాటా వెనక్కి తీసుకుంటున్నా. మ్యూజిక్ ఎల్మర్ బెర్న్‌స్టీన్‌ది, మూడేళ్లకే ‘టెన్ కమాండ్‌మెంట్స్’కి చేసినాయన, కళ్లు మూసుకుని వింటే పెద్ద సినిమా చూస్తున్నట్టే ఉంటుంది. కళ్లు తెరిస్తే ఆ గొరిల్లా మండుటెండలో కొండలెక్కుతూ దిగుతూ, మళ్లీ ఎక్కుతూ... గంట పైచిలుకు సినిమాలో సగం నడకే అనిపిస్తుంది. బోర్ అన్న మాట మాత్రం మార్చను.