లా కాలేజీ మెట్లెక్కి దిగిన నా ఎం.ఏ. మెమోకి

చిరంజీవి పొలిటికల్ సైన్స్ మార్క్స్ మెమోకి,

నీ యజమాని ఆశీర్వదించి వ్రాయునది. నేను క్షేమం. నువ్వు మాత్రం నిన్నటి నుంచి బీరువాలో మూతి ముడుచుకుని ఉన్నావని తెలుసు.

పదకొండేళ్లుగా నిన్ను ప్లాస్టిక్ కవరు దాటనివ్వలేదు. నాలుగు సెమిస్టర్లు, 80 క్రెడిట్లు, ఫస్ట్ క్లాస్. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరుతున్నాను కదా, నిన్ను చూడగానే రెండు మూడు పేపర్లయినా తగ్గిస్తారని ఆశపడ్డాను. గుమాస్తా నిన్ను తిప్పి కూడా చూడలేదు.

"ఇది పీజీ సార్, దీంతో పనిలేదు. డిగ్రీ మెమో ఇవ్వండి."

"ఇందులో రాజ్యాంగం పేపరుందండీ. 72 మార్కులు!"

"మంచిదే సార్. మళ్లీ రాస్తే ఇంకా ఎక్కువొస్తాయి."

డిగ్రీలో 45 శాతం ఉంటే చాలట. 47తో బొటాబొటీగా గట్టెక్కిన మీ అన్న బి.ఏ.కి రాచమర్యాద జరిగింది. నీకేమో గడప దగ్గరే వీడ్కోలు. క్రెడిట్లు దాచుకోవడానికి యూజీసీ ఓ బ్యాంకు పెట్టింది కానీ, అక్కడా ఏడేళ్లే గడువు. నీకు పదకొండు నిండాయి నాయనా.

పోనీ, ఐదేళ్ల బి.ఏ. ఎల్‌ఎల్‌బీలో మధ్యలో దూరదామా అనుకున్నాను. అందులో పొలిటికల్ సైన్స్ ఉంటుంది కదా! బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో పదమూడోది అడ్డంగా నిలబడింది. ఏ సబ్జెక్టులో పట్టా ఉందన్నా సరే, లేటరల్ ఎంట్రీ కుదరదు. డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి దర్జాగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో కూర్చుంటారు. మనకా యోగం లేదు. అంతగా మనసైతే క్లాసుకొచ్చి పాఠాలు విని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ పట్టుకెళ్లొచ్చట. డిగ్రీ మాత్రం ఇవ్వరు. పెళ్లికి పిలిచి, ఖాళీ విస్తరి చేతికిచ్చి పంపినట్టు.

ఇక మనలో మన మాట. ఆ 72 ఎలా వచ్చాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కేశవానంద భారతి కేసు, 1973, 13 మంది న్యాయమూర్తులు, 7-6 తేడాతో రాజ్యాంగ మౌలిక స్వరూప సిద్ధాంతం, అంటే ఆ స్వరూపాన్ని పార్లమెంటు సవరణలతో మార్చలేదు అని పేజీన్నర దంచాను. ఆ తీర్పులో ఒక్క పేరా చదివిన పాపాన పోలేదు. గ్రూప్స్ కోచింగ్‌లో పాలిటీ చెబుతూ కూడా ఆ పేజీన్నరతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. లా క్లాసులో తీర్పే ముందు పెట్టి చదవమంటే నీ 80 క్రెడిట్లూ కలిసి నన్ను కాపాడలేవు.

అయినా మనసొప్పక, ఆ ఒక్క పేపరుకైనా మినహాయింపు ఇమ్మన్నాను. ఎల్‌ఎల్‌బీ మౌలిక స్వరూపం ఆరు సెమిస్టర్లు, సవరణలు చెల్లవు అని తేలింది. హాజరు కూడా 70 శాతం ఉండాలట.

అప్పుడే నా వెనక క్యూలోంచి ఎవరో "సార్!" అన్నారు. చూస్తే, రెండేళ్ల కిందట నా దగ్గర పాలిటీ నేర్చుకున్న కుర్రాడు.

"మనిద్దరం ఒకే బ్యాచా సార్! నోట్స్ మీవే తీసుకుంటా."

సరే, ఆ కవరు ఓసారి ఇటివ్వు. వానలు మొదలయ్యాయి, రేపు ఫీజు రసీదు తడవకూడదు.

ఇట్లు,
నీ ఫస్టియర్ విద్యార్థి